తవుడు ఎవరిది?

ఏటా సెప్టెంబరు మొదటి వారం పౌష్టికాహార వారోత్సవాలు. ఆడవాళ్ళకు ఏం తినాలో తెలియకే రక్తం తక్కువవుతోందన్నట్టు వేదికల మీద ఊకదంపుడు ఉపన్యాసాలు. ఊక సంగతి సరే, తవుడు ఏమవుతోందో మాత్రం ఎవరూ చెప్పరు.

వడ్లగింజ పైపొట్టు ఊక. దాని కింద ముడిబియ్యాన్ని అంటిపెట్టుకున్న పలుచని పొర తవుడు. గింజ బరువులో పదోవంతుకు అటూ ఇటూగా ఉండే ఆ పొరలోనే పీచు, బి విటమిన్లు, ఇనుము, ఫినాలిక్ పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. ఎండ నుంచీ పురుగు నుంచీ తనను కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునేవే ఈ ఫినాలిక్కులు. బియ్యంలో ముఖ్యమైనది ఫెరూలిక్ ఆమ్లం. ఇది చాలావరకు పీచుకు అతుక్కుని పెద్దపేగు దాకా వెళ్ళి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల విడుదలవుతుంది. కణాలకు జరిగే హానిని తగ్గించే గుణం దీనికుందని ప్రయోగశాలల్లో తేలింది. ముడిధాన్యాలు తినేవారిలో గుండెజబ్బు, మధుమేహం తక్కువని అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. ఆ ఘనత ఏదో ఒక్క పదార్థానిది కాదు, మొత్తం పొరది.

మన డెల్టాకు ఈ పాఠం కొత్త కాదు. మచిలీపట్నం ఉన్న ఉత్తర సర్కారుల తీరం బెరిబెరికి పేరుమోసింది. ఆ రోగం మీద మాల్కమ్‌సన్ అనే వైద్యుడు రాసిన పుస్తకం 1835లోనే మద్రాసులో అచ్చయింది. తవుడు పోయిన పచ్చిబియ్యమే కారణమని తర్వాత తేలింది. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ రోగం అరుదు.

రోకలిపోటు స్వర్ణయుగమని మనం అనం. అది నడుములు విరిచే చాకిరీ. కానీ పేద స్త్రీలకు అదే కూలి కూడా. దంపుడును మిల్లుల పోటీ నుంచి కాపాడుతామంటూ 1958లో తెచ్చిన బియ్యం మిల్లుల నియంత్రణ చట్టాన్ని 1997లో రద్దు చేశారు. మర రావడం తప్పు కాదు. పని పోయిన స్త్రీకి మర మీద హక్కు లేకపోవడం తప్పు. బియ్యం ఎంత తెల్లగా పట్టాలో మిల్లు యజమానే నిర్ణయించడం తప్పు.

1983లో గుడివాడ నుంచి కూడా గెలిచిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన ఆ హక్కును మనం వదులుకోం. అయితే సంచిలోకి వచ్చింది తెల్లబియ్యమే. మరి తవుడు? నూనె మిల్లుకు పోయింది. ఆ నూనె సీసా మీద ‘ఒరైజనాల్’ అని గొప్పగా వేసి అమ్ముతారు. అది ఫెరూలిక్ ఆమ్లంతో ఏర్పడినదే! నూనె తీసిన తవుడు గుడివాడ, కైకలూరు వైపు చేపల చెరువులకు మేత. నూనె కొనగలిగినవారికి, మేత చేపలకు, తెల్లన్నం దివిసీమలో నాట్లు వేసే స్త్రీకి. గింజలోంచి తీసేసిన ఇనుమును పొడిగా కలిపి రేషన్లో ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. తీసింది ఎవరు, ఎందుకు అన్న ప్రశ్న మాత్రం రాలేదు.

తవుడులోని ఫైటిక్ ఆమ్లం, రాగుల్లోని ఫినాలిక్కులు ఇనుము ఒంటపట్టడాన్ని తగ్గిస్తాయి కదా అని అడుగుతారు. నిజమే. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం, అన్నంతో నిమ్మకాయో ఉసిరికాయో తినడం, తినగానే టీ తాగకపోవడం అందుకే. ఇంతకీ తెల్లన్నం సాధించిందేమిటి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత 2015-16లో 60 శాతం, 2019-21లో 58.8 శాతం. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇంట్లో పప్పు, గుడ్డు, చేపముక్క ఆమె కంచంలోకి రాకపోతే ఏ బియ్యమూ ఆమెను కాపాడదు. ఆ పోరాటం ఇంట్లోనూ చేయాలి.

ముడిబియ్యం త్వరగా ముక్కిపోతుందనేది మరో వాదన. ఏ ఊరి వడ్లు ఆ ఊళ్ళోనే కొద్దికొద్దిగా పట్టించుకుంటే ఆ బాధ ఉండదు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. రేషన్ దుకాణంలో, అంగన్‌వాడీలో తక్కువ పాలిష్ బియ్యం ఎంచుకునే హక్కు ఉండాలి. 2013 ఆహార భద్రత చట్టంలో ముతకధాన్యాల పేరు ఉంది కనుక రాగులు, జొన్నలు ఇవ్వాలి. ఊక మాత్రమే తీసే చిన్న మరలు స్త్రీల పొదుపు సంఘాల చేతికి రావాలి. సంచి మీద పాలిష్ ఎంతో రాయాలి.

వడ్లు పండించే చేతులే తవుడు ఎటు పోవాలో తేల్చాలి.