మైండ్ బ్లాంక్ అయితే మాత్ర మందు కాదు

హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి ఇంటర్వ్యూలకు తిరుగుతున్న పిల్లలకు, ఊళ్లో ఉండి వాళ్లకు ఫీజులు పంపుతున్న తల్లిదండ్రులకు, ఇన్‌స్టిట్యూట్లు నడిపేవాళ్లకు ఈ హెచ్చరిక. ప్యానెల్ ముందు కూర్చోగానే చదివిందంతా ఎగిరిపోయిందంటే అది మొద్దుతనం కాదు. మొద్దుతనమే అనుకుని రాత్రంతా మేలుకోవడం, ఎవరో ఇచ్చిన మాత్ర మింగడం, పదిమందిలో నిలబెట్టి తిట్టడం మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి.

భయం వేస్తే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ముందు అడ్రినలిన్‌ను, ఆ వెనకే కార్టిసాల్‌ను వదులుతాయి. జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ మీద కార్టిసాల్ గట్టిగా పనిచేస్తుంది. 2000లో డొమినిక్ ద క్వెర్వెన్ బృందం ఒక పరీక్ష చేసింది. నిన్న నేర్చుకున్న మాటలు ఇవాళ చెప్పాలి. చెప్పడానికి గంట ముందు ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిజోన్‌ను 25 మిల్లీగ్రాములు ఇస్తే తక్కువ మాటలే గుర్తొచ్చాయి. నేర్చుకునే ముందు ఇచ్చినప్పుడు ఆ నష్టం లేదు. అంటే చదువు లోపలే ఉంది, ఆ కాసేపు అందలేదు. హాస్టల్‌కు చేరి నింపాదిగా కూర్చున్నాక జవాబు దానంతటదే తోచడం ఇందుకే.

అందరి ఒళ్లూ ఒకేలా కంగారుపడదు. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో ఒత్తిడి పరీక్ష ఒకటి తయారుచేశారు. మొహంలో ఏ భావమూ చూపని ప్యానెల్ ముందు ఉద్యోగానికి వచ్చినట్టు మాట్లాడాలి, నోటిలెక్కలు చెయ్యాలి. అచ్చం మన మాక్ ఇంటర్వ్యూయే. 1995లో దాన్ని 20 మంది మగవాళ్లకు అయిదేసి సార్లు పెట్టారు. పదముగ్గురు త్వరగానే అలవాటుపడ్డారు, కార్టిసాల్ పెరగడం తగ్గింది. ఏడుగురికి మాత్రం ప్రతిసారీ పెరుగుతూనే ఉంది. తమను తాము తక్కువగా చూసుకోవడం, దిగులు ఆ ఏడుగురిలో ఎక్కువ. చిన్న ప్రయోగమే, అందులో ఆడవాళ్లే లేరు. అయినా, అందరికీ ‘ఇంకో మాక్, ఇంకో నాలుగు చీవాట్లు’ అనే ఫ్యాకల్టీ దీన్ని పట్టించుకోవాలి. ‘వాడికి అలవాటైంది, నీకేం రోగం’ అన్న మాట భయస్థురాలైన పిల్లను ఇంకా కిందికి తొక్కుతుంది. లేని ఎక్స్‌పీరియెన్స్‌ను రెజ్యూమెలో పెట్టించడం మరీ ఘోరం. దొరికిపోతానేమోనని కాచుకునే మనసుకు ప్రశ్న మీద నిలిచే శక్తి ఎక్కడిది?

ఇక మాత్రల సంగతి. గుండెదడ తగ్గుతుందని ప్రొప్రనలాల్‌ను డాక్టరు చీటీ లేకుండా మింగకండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లోని గొట్టాలు బిగుసుకుపోయి ప్రాణం పోవచ్చు. ఆల్‌ప్రజోలం లాంటివి కంగారుతోపాటు జ్ఞాపకాన్నీ మసకబారుస్తాయి, మద్యం తాగి వేసుకుంటే ఊపిరే ఆగిపోవచ్చు. నిద్ర రాకుండా చేసే మాత్రలూ వద్దు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

చెయ్యదగ్గది ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. 2016లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించిందిది: చదివిందే తిరగేసినవాళ్లు ఒత్తిడిలో ఎక్కువ మర్చిపోయారు, తమంతట తాము గుర్తుచేసుకుంటూ నేర్చుకున్నవాళ్లు మర్చిపోలేదు. కాబట్టి జిరాక్స్ మెటీరియల్‌ను పదోసారి తిరగెయ్యకండి. మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నంతా రాసి, తర్వాత సరిచూసుకోండి. ఇది వారాల ముందునుంచీ జరగాలి. ఇంటర్వ్యూ ముందు రాత్రి పుస్తకం పక్కనపెట్టి పడుకోండి.

ఇన్‌స్టిట్యూట్లు మాక్ మార్కులను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఈ బ్యాచ్ నుంచే ఆపాలి. బెదిరేవాళ్లకు ముందు ఒక్కరి ఎదుటే, ఆ తర్వాతే ప్యానెల్ ముందు మాక్ పెట్టాలి. తల్లిదండ్రులు ‘ఉద్యోగం వచ్చిందా’ అని అడిగే ముందు ‘నిద్ర పడుతోందా’ అని అడగాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్న రాష్ట్రం మన తెలంగాణ. రూమ్మేట్ తిండి మానేసినా, ‘నా వల్ల కాదు, ఎందుకీ బతుకు’ అన్నా తెల్లారేదాకా ఆగకండి. ఒంటరిగా వదలకండి. మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416, రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లాలంటే అమీర్‌పేట నుంచి మియాపూర్ వైపు మెట్రోలో మూడో స్టేషన్‌లో దిగాలి.