వేరుపడ్డా ఉమ్మడే!

కంప్యూటరు చదివే పిల్లలున్న ఇంట్లో ‘ఇన్‌హెరిటెన్స్’ అనే మాట వినబడుతూనే ఉంటుంది. దాన్ని వారసత్వమని తెలుగు చేశారు. తప్పని అనను గాని, వారసత్వమనగానే మనకు తోచేది వాటాలు పంచుకోవడం గదా! ప్రోగ్రాములో ‘స్టాటిక్’ సొత్తుకు వాటాల్లేవు. అన్నదమ్ములు వేరుపడ్డా నీళ్లు తోడుకునేది ఒక్క బావిలోనే అయినట్టు, తల్లి క్లాసులోని స్టాటిక్ విలువ ఒక్కటే ఉంటుంది. పిల్ల క్లాసులన్నీ దాన్నే వాడుకుంటాయి.

బండి నంబర్లనే చూడండి. ‘తెలంగాణ బండి’ తల్లి క్లాసు. ‘జగిత్యాల బండి’, ‘సిరిసిల్ల బండి’ పిల్ల క్లాసులు. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి విడివడ్డ ఈ జిల్లాల్లో జగిత్యాలకు 21, రాజన్న సిరిసిల్లకు 23 వచ్చాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోదే గనుక అక్కడి బండికీ 21. ముందుండే అక్షరాలు మాత్రం అందరివీ. 2024 మార్చిలో టీఎస్ కాస్తా టీజీ అయింది. ఒక్కచోట మార్చారు, కొత్త బండ్లకు అన్ని జిల్లాల్లోనూ మారింది. మరి పాత బండ్ల మీద టీఎస్ ఉందేమంటారా? పలక మీదికి ఎక్కింది ఆ బండి సొంత ప్రతి, అంటే ఆబ్జెక్టుది. ఉమ్మడిది కాదు.

తంటా వచ్చేది వరుస సంఖ్య దగ్గర. దాన్నీ తల్లి క్లాసులో స్టాటిక్‌గా పెట్టారనుకోండి. జగిత్యాలలో తొలి బండికి 1, సిరిసిల్లలో తొలి బండికి 2, ఆపైన కోరుట్ల బండికి 3! సిరిసిల్లలో ఒకటో నంబరు ఎవరికీ దక్కదు. జావా కిమ్మనదు. ప్రోగ్రాము నడుస్తుంది, లెక్క చెడుతుంది. పరీక్షలో అయితే మార్కులు పోతాయి. ఆఫీసులో అయితే ఎవరి ఫైలు ఎక్కడుందో తెలియదు.

జిల్లాకో లెక్క కావాలంటే పిల్ల క్లాసులో అదే పేరుతో వేరుగా ప్రకటించుకోవాలి. తల్లిది దాని వెనుక మరుగునపడుతుందే గాని చెరిగిపోదు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. నంబరిచ్చే పద్ధతి తల్లి క్లాసులోనే రాసి ఉంటే, అది తల్లి లెక్కనే పెంచుతుంది. పిల్ల లెక్క సున్నా దగ్గరే కూర్చుంటుంది! కనుక ఆ పద్ధతినీ పిల్ల క్లాసులో రాయక తప్పదు.

పైథాన్ తీరు వేరు. చదవమంటే తల్లిదే చదువుతుంది. పిల్ల క్లాసు పేరు మీద కొత్త విలువ వేశామో, చడీచప్పుడు లేకుండా వేరు కుంపటి పెట్టేస్తుంది. జావా నేర్చి పైథాన్‌కు వెళ్లే పిల్లలు ఇక్కడే తడబడతారు.