పీలే ఎదుట గోల్ కొట్టాం... నిచ్చెన మరిచాం!

ఫుట్‌బాల్ అంటే బ్రెజిల్. ఆ మాట బడికెళ్లే పిల్లలు కూడా చెబుతారు. కానీ మన దేశంలో ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్! మరి వాళ్లెక్కడ, మనమెక్కడ? తేడా ఆటగాళ్ల కాళ్లలో లేదు. ఊరూరా ఆటని పైకి తెచ్చే ఏర్పాటులో ఉంది. ఆ ఏర్పాటు పేరే లీగ్!

1977 సెప్టెంబరు 24. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. వానకి తడిసి చిత్తడిగా మారిన మైదానం. ఒక పక్క న్యూయార్క్ కాస్మోస్... అందులో సాక్షాత్తూ పీలే! మరో పక్క మోహన్ బగాన్. హోరాహోరీగా సాగిన ఆట 2-2తో సమమైంది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, రెండోది మహమ్మద్ హబీబ్‌ది. ఆ హబీబ్ అచ్చమైన హైదరాబాదీ!

మన ఊరి కుర్రాడు పీలే జట్టు మీద గోల్ కొట్టాడని గొప్పగా చెప్పుకోవచ్చు. అంతవరకూ బాగానే ఉంది. కానీ హైదరాబాద్ కుర్రాడు కోల్‌కతా జట్టులో ఎందుకున్నాడు? ఆ ప్రశ్నకి జవాబు వెతికితే మన ఫుట్‌బాల్ కథంతా బయటికొస్తుంది.

పోలీసు జట్టా... మజాకా!

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టంటే దేశంలోని పెద్దపెద్ద క్లబ్బులకే హడల్. ముంబయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు పట్టుకొచ్చారు మనవాళ్లు. డ్యూరాండ్ కప్పునీ వదల్లేదు. 1950లో మోహన్ బగాన్‌ని, 1957లో ఈస్ట్ బెంగాల్‌ని ఫైనల్లో మట్టికరిపించారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58ల్లో వరుసగా హైదరాబాద్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి దక్కింది.

ఈ విజయాల వెనకున్న వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరికీ రహీమ్ సాబ్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. కుర్రాళ్లకు పోటీలు పెట్టి, బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోవడం ఇక్కడ నిషేధం అనేవారాయన. అందిన బంతిని అందినట్టే తోటివాడికి ఇవ్వాలి... అంతే! అలా నేర్పిన ఆటే తర్వాత దేశానికి దారి చూపింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి ఆ గడప తొక్కిన మొదటి దేశం మనదే. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజ్... ఇలా హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో పుట్టి పెరిగినవాళ్లు ఎందరో! 1958 ప్రపంచకప్పుతో బ్రెజిల్ ప్రపంచానికి పరిచయం చేసిన 4-2-4 వ్యూహాన్ని రహీమ్ సాబ్ అంతకు ముందే మనవాళ్లతో ఆడించారని అంటారు. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆయన కథే.

కప్పు వేరు... లీగ్ వేరు

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. హైదరాబాద్ గెలిచినవన్నీ కప్పులే. కప్పు పోటీ అంటే పెళ్లి భోజనం లాంటిది. ఘనంగా ఉంటుంది, కానీ రెండు మూడు వారాల ముచ్చట. ఒక్క మ్యాచ్ ఓడితే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. లీగ్ అలా కాదు... రోజూ ఇంట్లో వండుకునే అన్నం. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడాలి. ఓడినా వచ్చే వారం మళ్లీ మైదానంలోకి దిగాలి. గెలుపోటములన్నీ కలిపి నెలల తర్వాత లెక్క తేలుతుంది. ఆటగాడికి నెలనెలా డబ్బు, జనానికి వారం వారం వినోదం, కుర్రాళ్లకి కళ్లెదుటే ఆదర్శం... ఇవన్నీ లీగ్ ఉన్నచోటే ఉంటాయి.

హైదరాబాద్‌లోనూ లీగ్ ఉండేది. తర్వాతి కాలంలో దాన్ని రహీమ్ పేరుతోనే నడిపారు. కానీ 1898 నుంచి సాగుతున్న కలకత్తా లీగ్‌కున్న డబ్బూ జనం మనకెక్కడివి? అందుకే బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ... అందరిదీ హౌరా దారే. 1963లో రహీమ్ సాబ్ కన్నుమూశారు. నేర్పే గురువు లేడు, నేర్చినవాళ్లు ఊళ్లో లేరు. ఇక కప్పులెక్కడివి?

బ్రెజిల్‌కీ ఆలస్యమే!

అన్నింట్లోనూ ముందున్న బ్రెజిల్‌కి జాతీయ లీగ్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1971లో! అప్పటికే ఆ దేశం మూడు ప్రపంచకప్పులు గెలిచేసింది. పీలే అంతర్జాతీయ ఆటకి ఆ ఏడాదే వీడ్కోలు పలికాడు.

ఎందుకంత ఆలస్యం? బ్రెజిల్ మన దేశానికి రెండున్నర రెట్లు పెద్దది. విమానాలు అందుబాటులో లేని రోజుల్లో ఈ మూల నుంచి ఆ మూలకి జట్లు తిరగడం అయ్యే పని కాదు. అందుకే ఏ రాష్ట్రం లీగ్ ఆ రాష్ట్రమే పెట్టుకుంది. సావోపాలోలో 1902లో, రియోలో 1906లో మొదలయ్యాయవి. పక్కూరి జట్టుతో పోటీ, తాతల నాటి పగలు, ఇంటిల్లిపాదీ ఒకే జట్టుకి జేజేలు... అక్కడి ఆటకి వేళ్లు దిగింది ఈ రాష్ట్ర లీగుల్లోనే. 1959లో దక్షిణ అమెరికా ఖండం పోటీలకి ఒక జట్టుని పంపాల్సి రావడంతో ‘టాసా బ్రసిల్’ పేరుతో నాకౌట్ కప్పు పెట్టారు. అసలైన జాతీయ లీగ్‌కి మరో పన్నెండేళ్లు పట్టింది. తొలి విజేత అట్లెటికో మినెయిరో.

పెట్టాక కూడా కుదురుగా నడిచిందా అంటే... అదీ లేదు. ఏటా కొత్త నిబంధనే! అప్పట్లో దేశాన్ని ఏలుతున్న సైనిక ప్రభుత్వం, తమకి మద్దతు తగ్గిన చోటల్లా ఒక జట్టుని లీగ్‌లో చేర్చి జనాన్ని మచ్చిక చేసుకుంటోందని ఎద్దేవా చేసేవారు. అలా పెరిగి పెరిగి 1979లో ఏకంగా 94 జట్లు ఆడాయి! 2000లో అయితే 116. అది లీగ్ కాదు, జాతర!

లెక్క కుదిరిందిలా...

2003లో ఆ గందరగోళానికి తెరపడింది. ఫైనళ్లూ సెమీఫైనళ్లూ తీసేశారు. ప్రతి జట్టూ మిగతా జట్లతో రెండేసి సార్లు ఆడాలి, ఒకసారి సొంతూళ్లో, మరోసారి అవతలివాళ్ల ఊళ్లో. గెలిస్తే 3 పాయింట్లు, సమమైతే 1, ఓడితే సున్నా. చివరికి ఎవరి పాయింట్లు ఎక్కువైతే వాళ్లే ఛాంపియన్. ఇద్దరికీ సమానంగా వస్తే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచినవాళ్లది పైచేయి. ఆ ఏడాది క్రుజేరో సరిగ్గా 100 పాయింట్లతో నెగ్గింది. 2006 నుంచి జట్లు 20, ఒక్కో జట్టుకి 38 మ్యాచ్‌లు.

అన్నింటికన్నా ముఖ్యమైన నిబంధన మరొకటుంది. అడుగున నిలిచిన 4 జట్లు రెండో అంచెకి దిగిపోవాలి. ఆ అంచె నుంచి 4 జట్లు పైకొస్తాయి. దాని కింద మూడోది, 2009 నుంచి నాలుగోది. ఆ నాలుగో అంచెలోకి దారి ఎటునుంచో తెలుసా... పాత రాష్ట్ర లీగుల నుంచే! అంటే ఊరి మైదానం నుంచి దేశం శిఖరం దాకా ఒకటే నిచ్చెన.

ఈ నిచ్చెనకి మొహమాటం లేదు. పీలే ఏళ్ల తరబడి ఆడిన శాంటోస్ క్లబ్బుని 1912లో పెట్టారు. 2022 డిసెంబరులో పీలే కన్నుమూశాడు. సరిగ్గా ఏడాది తిరక్కుండానే, 2023 డిసెంబరులో శాంటోస్ మొదటిసారి రెండో అంచెకి పడిపోయింది. పీలే క్లబ్బు కదా అని ఎవరూ మినహాయింపు ఇవ్వలేదు. 2024లో రెండో అంచె గెలిచి తనంతట తానే పైకెక్కింది.

అదే ఏడాది శాంటోస్ వెనకే మరో జట్టు మెట్టెక్కింది. పేరు మిరసోల్. సావోపాలో రాష్ట్రంలో 60 వేలు దాటిన జనాభాతో ఉన్న చిన్న పట్టణం అది. మన దగ్గరైతే ఓ మున్సిపాలిటీ. ఆ జట్టు 2020లో నాలుగో అంచె గెలిచింది. 2022లో మూడోది గెలిచింది. 2024లో రెండో అంచెలో రెండో స్థానం. 2025లో తొలిసారి పెద్ద లీగ్‌లో అడుగుపెట్టి... నాలుగో స్థానంలో నిలిచింది! ఖండంలోకెల్లా పెద్దదైన కోపా లిబర్టడోరెస్ పోటీకి అర్హత సాధించింది. కోటీశ్వరుడెవరో వచ్చి ఉద్ధరించలేదు. తమ దగ్గర పెరిగిన లూయిజ్ అరావుజో ఐరోపా జట్టుకి వెళ్లినప్పుడు వాటాగా వచ్చిన డబ్బుతో శిక్షణ కేంద్రం కట్టుకున్నారు. మిగతాది నిచ్చెన చేసింది.

మన మెట్లు విరిగిన చోట

మనకి జాతీయ లీగ్ 1996లో వచ్చింది. తొలి విజేత పంజాబ్‌కి చెందిన జేసీటీ. 2007లో అదే ఐ-లీగ్‌గా మారింది. పాతికేళ్లు దాటిన ఆ లీగ్ విజేతల జాబితాలో హైదరాబాద్ పేరు ఒక్కసారి కూడా లేదు. దేశానికి లీగ్ వచ్చేసరికి, దేశానికి ఆట నేర్పిన ఊరి దగ్గర ఆడే జట్టే మిగల్లేదు!

2014లో ఇండియన్ సూపర్ లీగ్ ఎనిమిది జట్లతో మొదలైంది. హంగూ ఆర్భాటం బాగానే కుదిరాయి. కానీ అప్పట్లో పైకెక్కడం, కిందికి దిగడం లేదు. జట్టు కావాలంటే గెలిచి రావాల్సిన అవసరం లేకపోయింది, ఫ్రాంచైజీ కొంటే సరిపోయేది. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ అలాగే వచ్చింది. మొదటి ఏడాది అట్టడుగున నిలిచింది. మూడో ఏడాదికల్లా, 2022 మార్చి 20న, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రోజు గోడలా నిలబడ్డాడు. పోయిన వైభవం తిరిగొచ్చిందని అభిమానులు పండగ చేసుకున్నారు.

ఆ పండగ ఎన్నాళ్లు? తర్వాత డబ్బు కష్టాలొచ్చాయి. ఆటగాళ్లు, శిక్షకుడు వెళ్లిపోయారు. 2023-24లో జట్టు మళ్లీ అడుగుకి చేరింది. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది! మైదానంలో ఓడి కిందికి దిగితే, శాంటోస్ లాగా మళ్లీ ఎక్కొచ్చు. కాగితాల మీద ఊరు మారిపోతే ఎక్కడానికి ఏముంటుంది?

హైదరాబాద్ శివార్లలోని శ్రీనిధి డెక్కన్‌ది ఇంకో కథ. 2021లో ఐ-లీగ్‌లోకి వచ్చిన ఈ జట్టు 2022-23లో, 2023-24లో రెండుసార్లూ రెండో స్థానంలోనే ఆగిపోయింది. ఐ-లీగ్ విజేతని పై లీగ్‌కి పంపే పద్ధతి అప్పుడే మొదలైంది. ఆ రెండేళ్లలో పంజాబ్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లు పైకెక్కాయి. బ్రెజిల్‌లో నలుగురు ఎక్కే నిచ్చెన, మన దగ్గర ఒక్కరికే!

మక్తల్ పిల్లాడికేది దారి?

హైదరాబాద్ సంగతే ఇలా ఉంటే పల్లెల మాటేమిటి? ఉదాహరణకి మక్తల్. మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు వెళ్లే దారిలో, ఇప్పటి నారాయణపేట జిల్లాలో ఉన్న చిన్న పట్టణం. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది ఆ చుట్టుపక్కలే. మిరసోల్ లాగే మున్సిపాలిటీ. అక్కడి నుంచి గెలిచిన వాకిటి శ్రీహరి 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రి అయినప్పుడు ఆయనకిచ్చిన శాఖల్లో క్రీడలూ ఉన్నాయి. కాబట్టి ఆట గురించి అడిగే హక్కు ఆ ఊరి పిల్లలకి కాస్త ఎక్కువే!

మక్తల్‌లో ఓ పిల్లాడు బాగా ఆడుతున్నాడనుకోండి. బడి పోటీలు, జిల్లా జట్టు ఎంపిక, అదృష్టం బాగుంటే రాష్ట్ర జట్టు. అన్నీ ఏడాదికోసారి, నాలుగైదు రోజుల ముచ్చట్లే. మళ్లీ కప్పులే! మిరసోల్ పిల్లాడికైతే ఊరి జట్టు ఉంది, దానికో లీగ్ ఉంది, గెలిస్తే ఎక్కడికి వెళ్తాడో ఆ ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు.

పెద్ద స్టేడియాలు, విదేశీ శిక్షకులు, కోట్ల ఒప్పందాలు తర్వాత సంగతి. మక్తల్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, మహబూబ్‌నగర్... ఈ ఐదూళ్ల జట్లు ఆదివారం ఆదివారం ఒకరి ఊరికొకరు వెళ్లి ఆడితే, ఒక్కో జట్టుకి ఎనిమిది మ్యాచ్‌లు. నెగ్గినవాళ్లకి పై మెట్టు ఏదో ముందే చెప్పాలి. ఏటా ఆపకుండా నడపాలి. సావోపాలో 1902లో చేసింది అంతే. అప్పుడు వాళ్ల దగ్గర పీలే లేడు. లీగ్ మొదలయ్యాక అర శతాబ్దానికి పైగా ఆగితే వచ్చాడు!