ఫొటో చూస్తే చాలదు, ముద్ర చూడాలి

పొలం గట్టు తగాదా మొదలు వడగళ్లకు పోయిన పంట దాకా, ఊళ్లో ఏ విషయం వచ్చినా ఇప్పుడు ముందుగా బయటికి వచ్చేది సెల్‌ఫోన్ ఫొటో. పెద్దమనుషుల ముందు అదే సాక్ష్యం. మండలాఫీసులో అదే ఆధారం. ‘ఫొటో ఉందిగా, ఇంకేం కావాలి?’ అన్న మాట రచ్చబండ దగ్గర తరచు వినబడుతున్నది. అయితే ఆ ఫొటో ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరి ఫోనులో తీశారు, ఎన్ని చేతులు మారి వచ్చింది అని అడిగేవారు అరుదు. ఈ నాలుగు ప్రశ్నలు అడగకపోవడం వల్ల అమాయకులకు కీడు, అక్రమార్కులకు మేలు జరుగుతున్నది.

ఉత్తరం మీది ముద్ర వంటిదే

ఇంటికి ఉత్తరం వస్తే పెద్దలు ముందుగా తపాలా ముద్ర చూసేవారు. ఏ ఊళ్లో వేశారో, ఏ తేదీన వేశారో ఆ నల్లని ముద్రే చెప్పేది. డిజిటల్ ఫొటోకు కూడా అటువంటి ముద్ర ఒకటి ఉన్నది. మనం ఫొటో తీయగానే ఫోను బొమ్మతో పాటు కొన్ని వివరాలను అదే ఫైలులో రాసిపెడుతుంది. తేదీ, గంట, నిమిషం, ఫోను కంపెనీ, మోడలు, ఫ్లాష్ వెలిగిందీ లేనిదీ అందులో ఉంటాయి. కెమెరాకు లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే ఆ చోటి అక్షాంశ, రేఖాంశాలు కూడా నమోదవుతాయి. ఈ వివరాలను మెటాడేటా అంటారు. వాటిని రాసే పద్ధతికి ఎక్సిఫ్ అని పేరు. జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం దీనిని 1995లో రూపొందించింది. నేడు మనం వాడే ఫోను కెమెరాలు ఈ పద్ధతినే పాటిస్తున్నాయి.

చూడటం కష్టమేమీ కాదు. గ్యాలరీలో ఫొటో తెరచి పైకి జరిపితే గానీ, మూల ఉన్న మూడు చుక్కలు నొక్కి ‘వివరాలు’ అన్నచోట చూస్తే గానీ ఇవన్నీ కనబడతాయి. చోటు అంకెలు ఉంటే వాటిని గూగుల్ మ్యాప్‌లో వేయవచ్చు. 16.5062, 80.6480 అని వేస్తే విజయవాడ వస్తుంది. ఫొటో మన చెరువుదా, పక్క జిల్లా చెరువుదా అన్నది ఆ విధంగా తేల్చుకోవచ్చు.

ఈ ముద్ర శక్తి ఎంతటిదో 2012 డిసెంబరులో లోకమంతా చూసింది. జాన్ మెకాఫీ అనే అమెరికా వ్యాపారి పొరుగువాని హత్య విషయంలో బెలీజ్ దేశ పోలీసులు ప్రశ్నించబోగా తప్పించుకు తిరిగాడు. ఒక పత్రిక వారు ఆయనతో కలసి దిగిన ఫొటోను ఇంటర్నెట్‌లో పెట్టారు. ఐఫోన్‌తో తీసిన ఆ ఫొటోలో చోటు వివరాలు అట్లాగే ఉండిపోయాయి. ఆయన పక్క దేశమైన గ్వాటెమాలాలో ఉన్నట్లు బయటపడింది. కొద్ది రోజుల్లోనే అక్కడి పోలీసులు అరెస్టు చేశారు.

కవరు చింపేస్తున్న వాట్సాప్

మన ఊళ్లలో చిక్కు ఇక్కడే వస్తున్నది. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫైలు సైజు తగ్గించి, ఈ వివరాలను తీసివేసి అవతలి వారికి చేరుస్తుంది. కవరు చింపి పారేసి లోపలి కాగితం మాత్రం చేతికిచ్చినట్లన్నమాట. ఎవరి రహస్యమూ బయటపడకుండా ఉండటానికి ఇది మంచిదే. కానీ సాక్ష్యం కావలసినచోట ఆ ఫొటో నోరులేనిది అవుతున్నది.

మరొక పొరపాటు కూడా జరుగుతున్నది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ ఫొటోకు ఐఎంజీ అనే అక్షరాలు, తర్వాత 20240901 వంటి అంకెలు, చివర డబ్ల్యూఏ అనే అక్షరాలతో పేరు ఉంటుంది. ఆ అంకెలు చూసి ఫొటో 2024 సెప్టెంబరు 1న తీశారని చాలామంది అనుకుంటున్నారు. అది వాట్సాప్‌లో ఆ ఫోనుకు వచ్చిన తేదీ మాత్రమే. పదేళ్ల కిందటి ఫొటో ఈరోజు వచ్చినా ఈరోజు తేదీతోనే పేరు పడుతుంది.

నోరులేని ఫొటో ప్రాణం తీసింది

ఇది చిన్న విషయమని తోసిపుచ్చరాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ ఫొటోలు, వీడియోలు దేశమంతటా పాకాయి. సిరియాలో 2013లో విషవాయువుకు బలైన పిల్లల మృతదేహాల దృశ్యాలను కూడా మన దేశంలో జరిగినట్లు చూపారు. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రెయిన్‌పాడలో సంచార జాతికి చెందిన ఐదుగురిని పిల్లల దొంగలన్న అనుమానంతో కొట్టి చంపారు. తెలుగు నేల మీద కూడా ఇదే అనుమానంతో అమాయకులను కొట్టారు. ఆ ఫొటో ఎక్కడిదని గుంపులో ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే కొన్ని ప్రాణాలు నిలిచేవి.

అదే కాలంలో జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపించారు. పాటలతో, డప్పులతో అబద్ధపు మెసేజీల సంగతి జనానికి విప్పి చెప్పించారు. అటువంటి ప్రయత్నం ఒక ఏడాదితో ఆగిపోవలసినది కాదు.

ముద్ర పోయిన ఫొటోకు వేరే దారి లేకపోలేదు. గూగుల్ లెన్స్‌లో ఆ ఫొటో పెట్టి వెతికితే అది ఇంతకు ముందు ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడ వచ్చిందో చూపుతుంది. 2017లో కేంద్ర హోంశాఖ వార్షిక నివేదికలో మన సరిహద్దున వేసిన విద్యుద్దీపాలంటూ వేసిన ఫొటో స్పెయిన్, మొరాకోల సరిహద్దుదని తేలింది. ఢిల్లీలోని కార్యాలయమే ఫొటో పుట్టుక తెలుసుకోకుండా అచ్చు వేసుకున్నప్పుడు మన ఊరి వాట్సాప్ గ్రూపు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ముద్రను కూడా మోసం చేయవచ్చు

ముద్ర ఉన్నంత మాత్రాన గుడ్డిగా నమ్మరాదు. ఫోనులో తేదీని చేత్తో మార్చి ఫొటో తీస్తే తప్పుడు తేదీయే పడుతుంది. వివరాలను తిరగరాసే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతున్నాయి. అంతకంటే సులువైన మోసం ఫొటోకు ఫొటో తీయడం. పాత ఉత్తరాన్ని తిరిగి రాసి నేడు డబ్బాలో వేస్తే నేటి ముద్రే పడుతుంది కదా!

ఉపాధి హామీ పనుల్లో ఇదే జరిగింది. వ్యక్తిగత లబ్ధి పనులు తప్ప మిగిలిన అన్ని పనిచోట్లా 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు చోటు, వేళ నమోదయ్యే ఫొటోలతో హాజరు తప్పనిసరి చేశారు. పనికి రాని వారికి కూలి పోకుండా ఆపడం దీని ఉద్దేశం. కానీ కొన్నిచోట్ల పని జరిగే మనుషులకు బదులు పాత ఫొటోనే మళ్లీ ఫొటో తీసి ఎక్కించారని, పనికి సంబంధం లేని ఫొటోలు పెట్టారని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జూలైలో రాష్ట్రాలకు రాసింది. చోటు సరిగ్గా ఉన్నది, వేళ సరిగ్గా ఉన్నది, మనుషులే లేరు. ముద్రతో పాటు బొమ్మను కూడా కళ్లు తెరచి చూసే అధికారి లేనిదే ఏ యంత్రమూ దొంగను పట్టదు.

నష్టపోయేది నిజమైన రైతు

వడగళ్లు పడినా, చేను మునిగినా పంటల బీమా పథకం కింద 72 గంటల్లో తెలియజేయాలని నిబంధన. కష్టంలో ఉన్న రైతు ఫొటో తీసి తెలిసినవారికి వాట్సాప్‌లో పంపుతాడు. మెమొరీ నిండిందని అసలు ఫొటోను చెరిపేస్తాడు. తర్వాత ‘ఇది నీ పొలమేనా, ఏనాటి ఫొటో?’ అని అడిగితే చూపడానికి ఏమీ మిగలదు. పక్కవాడి చేను ఫొటో తెచ్చినవాడూ, నిజంగా పంట పోయినవాడూ అప్పుడు ఒకే వరుసలో నిలబడవలసి వస్తున్నది.

కోర్టుకు పోతే ఇది మరింత గట్టి విషయం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సాక్ష్యంతో పాటు ధ్రువపత్రం జతచేయాలి. అందులో హాష్ విలువ అనే సంఖ్య కూడా రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫొటో తీసినవారి ఫోనులోని ఫొటో ఒకటి కాదని దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.

ఏమి చేయాలి?

గట్టు, పంట, ఇల్లు, ప్రమాదం వంటి వాటిని ఫొటో తీసేటప్పుడు కెమెరాలో లొకేషన్ ఉన్నదో లేదో చూసుకోవాలి. దగ్గర నుంచి ఒకటి, చుట్టుపక్కల చెట్టో గుడో కనబడేలా దూరం నుంచి ఒకటి తీయాలి. అసలు ఫొటోను పని తేలేవరకు చెరపరాదు. పంపేటప్పుడు ఫొటోగా పంపకుండా డాక్యుమెంటుగా పంపితే వాట్సాప్‌లో కూడా వివరాలు చెడకుండా పోతాయి. అయితే పిల్లల ఫొటోలు, ఇంటి ఫొటోలు ముక్కూ మొహం తెలియని వారికి ఈ విధంగా పంపరాదు. మెకాఫీ చిరునామా తెలిసినట్లే మన ఇంటి చిరునామా కూడా తెలిసిపోతుంది.

పెద్దమనుషులు కూడా ఒక కట్టుబాటు పెట్టుకోవడం మంచిది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూపి ఎవరిమీద నేరం మోపినా, తీసినవాని ఫోను తెప్పించి చూడనిదే తీర్పు చెప్పరాదు.

అధికారుల బాధ్యత ఇంకా పెద్దది. అర్జీతో ఫొటో ఇస్తే కాగితం మీద అచ్చు తీసి దస్త్రంలో గుచ్చడంతో సరిపెట్టరాదు. అసలు ఫైలును తీసుకుని, తీసుకున్నట్లు రశీదు ఇవ్వాలి. హైస్కూలు కంప్యూటరు పాఠాల్లో ఫొటో వివరాలు చూడటం ఒక్క పూట నేర్పితే చాలు, పిల్లలే ఇంటికి వచ్చి పెద్దలకు చూపుతారు. దీనికి నిధులు అక్కరలేదు, కొత్త జీవో అక్కరలేదు. జిల్లా విద్యాశాఖ, పోలీసు శాఖ కలసి పూనుకుంటే ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.

నిజం నిలకడ మీద తేలుతుందని పెద్దలు అంటారు. చేతిలోని ఫొటో నిమిషంలో నూరు ఊళ్లు తిరిగే ఈ రోజుల్లో ఆ నిలకడ మనమే తెచ్చుకోవాలి. ముద్ర చూడండి. ముద్ర లేకపోతే అసలు అడగండి. అసలు చూపలేని ఫొటోను ఇంకొకరికి పంపకండి.