జమాఖర్చుల విద్య మన ఆయుధం

1936 జులై 30న పుదుచ్చేరిలోని సవన మిల్లు కార్మికులపై కాల్పులు జరిగాయి. పన్నెండుమంది అమరులయ్యారు. వారి త్యాగఫలంగా 1937లో అక్కడ ఎనిమిది గంటల పనిదినం చట్టమయింది. అదే పట్టణంలో, ప్రభుత్వాధీనంలోని ఆంగ్లో-ఫ్రెంచి మిల్లు 2020లో మూతపడింది. ఈసారి తుపాకీ అవసరం కాలేదు. నష్టమనే మాట చాలింది.

ఆ నష్టంలో తరుగుదల ఎంత, వడ్డీ ఎంత, ఏ వ్యయాన్ని ఏ పద్దులో రాశారు? ఈ ప్రశ్నలు అడగలేని సంఘం సగం ఓడినట్టే.

రైల్వే, తపాలా సోదర సోదరీమణులారా! 2019-20లో వంద రూపాయల రాబడికి ఖర్చు 98.36 రూపాయలని రైల్వేశాఖ చూపింది. పింఛన్ల అసలు వ్యయం చేరిస్తే అది 114.35 అని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తేల్చారు. రైళ్లు అవే, శ్రమ అదే. పద్దు మారగానే మిగులు లోటయింది. రేపు ఆ లోటునే చూపి పింఛను భారమంటారు. మారుమూల పల్లెకు ఉత్తరం చేర్చే ఖర్చు తపాలా పద్దుల్లో కనిపిస్తుంది. ప్రజలకు కలిగిన మేలు కనిపించదు.

లెక్కలు అధికారుల విద్య అనే వాదాన్ని మేము తిరస్కరిస్తున్నాం. ప్రతి లావాదేవీకీ రెండు ప్రక్కలుంటాయి. రెండూ చదవడం నేర్చుకుందాం. ప్రతి శాఖా తన సంఘం ఆస్తి అప్పుల పట్టీతోనే ఈ పాఠం ప్రారంభించాలి!