‘అనుభవం: లేదు’ అని రాసే ముందు...

డిగ్రీ అయ్యి ఇరవై ఏళ్లు. పెళ్లి, పిల్లలు, అత్తమామల మందులు, బంధువుల రాకపోకలు. ఇన్నాళ్లూ ఉద్యోగం ఆలోచన రాలేదు. ఇప్పుడు ఆయన షాపు సరిగ్గా నడవడం లేదు. పెద్దవాడి కాలేజీ ఫీజు రెండో వాయిదా దగ్గరపడింది. దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో క్యాష్‌ కౌంటర్‌కి మనిషి కావాలట. బయోడేటా రాయడానికి కూర్చున్న ఇల్లాలు పేరు, పుట్టినతేదీ, చదువు చకచకా రాసేస్తుంది. ‘అనుభవం’ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. కాసేపు ఆలోచించి ‘లేదు’ అని రాస్తుంది.

ఇలాంటి ఇల్లాళ్లు ఊరికొకరు కాదు, వీధికొకరు ఉంటారు. విచిత్రం ఏమిటంటే, ‘లేదు’ అని రాసిన ఆ చెయ్యే ఎనిమిదేళ్లుగా డ్వాక్రా గ్రూపు పుస్తకాలు రాస్తూ ఉంటుంది!

ఆ పనేమిటో ఒక్కసారి చూడండి. గ్రూపులో పన్నెండు మంది. ఎవరు పొదుపు కట్టారు, ఎవరు కట్టలేదు, అప్పు తీసుకున్నవారు కట్టిన వాయిదాలో అసలెంత, వడ్డీ ఎంత... అన్నీ లెక్కలోకి ఎక్కాలి. ఎవరి పాస్‌బుక్‌లో వాళ్ల అంకె పడాలి. తీర్మానం రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాలి. డబ్బు బ్యాంకులో కట్టి రసీదు దాచాలి. రాసిన లెక్కకీ చేతిలో ఉన్న నగదుకీ పది రూపాయలు తేడా వచ్చినా అది తేలేదాకా ఎవరూ కదలరు. పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని నాబార్డు 1992లో మొదలుపెట్టింది. సంఘాలు పాటించాల్సిన ‘పంచసూత్రాల్లో’ పుస్తకాలు సక్రమంగా రాయడం ఒకటి. అప్పు ఇచ్చేముందు బ్యాంకు చూసేది ఆ పుస్తకాలనే. అంటే ఆవిడ లెక్కను బ్యాంకు నమ్మింది. ఆవిడే నమ్మలేదు.

కారణం కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఆ పనికి జీతం రాలేదు, సర్టిఫికెట్‌ రాలేదు. పైగా అలవాటైపోయిన పని ఎవరికైనా తేలిగ్గానే కనిపిస్తుంది. ‘నీకేం వచ్చని ఉద్యోగం?’ అని ఇంట్లో ఎవరో ఒకరు నవ్వుతూనే అన్న మాట ఒకటి మనసులో ఉండిపోతుంది.

అమెరికాలో రిచర్డ్‌ బోల్స్‌ అనే మతబోధకుడి ఉద్యోగం 1968లో పోయింది. తనలాంటివాళ్ల కోసం ఆయన 1970లో ‘వాట్‌ కలర్‌ ఈజ్‌ యువర్‌ పారాచూట్‌?’ అనే పుస్తకం సొంతంగా అచ్చువేయించారు. అది తర్వాత కోటి కాపీలు దాటింది. ఉద్యోగాల వేటకు ముందు, మీరు ఇష్టంగా చేసి నెగ్గుకొచ్చిన పనుల్ని కథల్లా రాసుకోండి, అందులో ఏ నేర్పులు ఉన్నాయో ఏరండి అంటారాయన. మన ఇంట్లో వాడేసిన నోటుపుస్తకం వెనక పేజీలు చాలు ఈ పనికి. ‘నాకు ఓపిక ఎక్కువ’ అని రాస్తే లాభం లేదు. మూడు నెలలు వాయిదా ఎగ్గొట్టిన సభ్యురాలి ఇంటికి వెళ్లి, గొడవ కాకుండా, బాకీ కట్టించిన సంగతి రాయండి. బిల్లు చూసి కోప్పడే రోగి బంధువులతో మాట్లాడాల్సిన కౌంటర్లో కావాల్సింది సరిగ్గా అదే. మీకు తోచకపోతే పక్కింటివాళ్లను అడగండి. ఏ పని పడితే మీ దగ్గరికి పరుగెత్తుకొస్తారో వాళ్లే చెబుతారు.

అలాగని గొప్పలకు పోనక్కర్లేదు. వంటావార్పూ చూసుకోవడాన్ని ‘హోమ్‌ మేనేజర్‌’ అని రాస్తే అవతలివారికి నవ్వొస్తుంది. ఏం చేశారు, ఎన్నేళ్లు, ఎంతమందికి... ఈ మూడూ మామూలు మాటల్లో ఉంటే చాలు.

ఉన్నదేమిటో తెలిస్తే లేనిదేమిటో కూడా తెలుస్తుంది. దీనివల్ల మిగిలేది అచ్చంగా డబ్బు. ‘నాకేం రాదు’ అనుకున్నావిడ ఏడాది కోర్సుకి అప్పుచేసి మరీ ఫీజు కడుతుంది. లెక్కలు వచ్చు, కంప్యూటర్‌ రాదు అని తెలిసినావిడ ట్యాలీ ఒక్కటి నేర్చుకుంటుంది. పనిలోనే నేర్చుకున్న విద్యను పరీక్షించి సర్టిఫికెట్‌ ఇచ్చే ఏర్పాటూ లేకపోలేదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్‌ వికాస్‌ యోజనలో దాన్నీ చేర్చారు. కుట్టుపని, బ్యూటీషియన్‌ పని వంటివి అనుభవంతో నేర్చినవారికి అది ఉద్దేశించింది.

ఇంటర్వ్యూకి వెళ్తూ గ్రూపు పుస్తకాలు మాత్రం చంకన పెట్టుకెళ్లకండి. అందులో పదకొండు మంది అప్పులున్నాయి, అవి బయటివాళ్లు చూడాల్సినవి కావు. దానికి బదులు ‘ఈవిడ ఇన్నేళ్లుగా మా లెక్కలు రాస్తున్నారు’ అని గ్రూపు లీడర్లిద్దరి సంతకాలతో ఒక ఉత్తరం తీసుకెళ్లండి. ఆ ఉత్తరం రాసే పని కూడా బహుశా మీ మీదే పడుతుంది. గ్రూపులో రాతపనంతా మీదేగా మరి!