అంబులెన్సు వెనక నుంచి వస్తే...

ప్రశ్న: మావారు ఈమధ్యే కారు నేర్చుకున్నారు. మొన్న ఏలూరు వెళ్తుంటే వెనక నుంచి అంబులెన్సు సైరన్ వినపడింది. కంగారుపడి రోడ్డు మధ్యలోనే కారు ఆపేశారు. వెనక స్కూటరు అతను తృటిలో తప్పించుకున్నాడు. ఇంటికి వచ్చాక, "అయినా వాటిలో సగం ఖాళీగానే పోతుంటాయి" అంటారు. నిజమేనా? అలాంటప్పుడు ఏం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: ముందు ఖాళీ బండి సంగతి చూద్దాం. ఈ అనుమానం మీవారొక్కరిదే కాదు. లోపల స్ట్రెచరు ఖాళీగా కనబడితే పక్కకు తప్పుకోని పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. కాని రోగిని తీసుకురావడానికి వెళ్ళే అంబులెన్సు ఖాళీగానే వెళ్ళాలి కదా! 2005 ఆగస్టులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సర్వీసు మొదలైంది. ఫోను చేస్తే ఆ బండి రోగి ఉన్న చోటికే వస్తుంది. వైద్యుడి దృష్టితో చూస్తే ఒక్కొక్కసారి ఆ ఖాళీ బండికే ఎక్కువ తొందర. బండి ఎక్కిన రోగికి ఆక్సిజనూ, తర్ఫీదు పొందిన మనిషీ దొరికినట్టే. ఇంకా ఎక్కని రోగి చుట్టూ ఏం చెయ్యాలో తెలియని ఇంట్లోవాళ్ళే ఉంటారు. పని లేకుండా దీపం వెలిగించుకుని పోయేవాళ్ళు అసలు ఉండరని నేను అనను. అయితే అది బయట నుంచి చూసి తేల్చగలిగేది కాదు.

గుండె ఆగిపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఛాతీ మీద నొక్కుతూ రక్తాన్ని ఆడించేవాళ్ళు ఎవరూ లేకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతుల చొప్పున తగ్గిపోతుంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలో, వైద్యం అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు నశిస్తాయని 2006లో లెక్కగట్టారు. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఇంట్లో గుర్తించడానికి పట్టిన సమయం, ఆసుపత్రిలో స్కానింగుకు పట్టే సమయం పోగా దారికి మిగిలేది కొంచెమే. కాన్పయ్యాక రక్తస్రావం ఆగని తల్లికి రెండు గంటల వ్యవధి కూడా ఉండకపోవచ్చు.

ఇక డ్రైవింగు సంగతి. సైరన్ వినపడగానే బ్రేకు తొక్కకండి. ముందు అద్దంలో చూడండి. వీధిలో ఇళ్ళకు తగిలి వచ్చే శబ్దాన్నిబట్టి బండి ఎటునుంచి వస్తోందో చెప్పడం కష్టం. తళుక్కుమనే దీపం కనబడితే తెలిసిపోతుంది. ఎడమవైపు ఇండికేటరు వేసి, వేగం తగ్గించుకుంటూ రోడ్డు అంచుకు జరగండి. అవసరమైతే అక్కడ ఆపండి. ఒకసారి ఎడమకు జరిగాక మళ్ళీ కుడికి రాకండి. అంబులెన్సు డ్రైవరు మీ కదలికను చూసే తన దారి నిర్ణయించుకుంటాడు. మధ్యన డివైడరు లేని రోడ్డయితే ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా తమ ఎడమకు తప్పుకోవాలి. బండ్లు కిక్కిరిసి ఎడమకు చోటే లేనప్పుడు, డివైడరు పక్కనున్న వరస దానికి ఆనుకుని, మిగతావాళ్ళు ఎడమకు జరిగితే మధ్యలో దారి వస్తుంది.

మీవారిలా హఠాత్తుగా ఆపితే స్కూటరు అతనికే కాదు, అంబులెన్సులో ఉన్నవాళ్ళకూ ప్రమాదమే. ఆ బండి కూడా గట్టిగా బ్రేకు వెయ్యాల్సి వస్తుంది. ఛాతీ నొక్కుతూ నిలబడ్డ మనిషి తూలిపడతాడు. వెన్నెముక దెబ్బతిన్న రోగికి ఆ కుదుపు ఎంత చేటో చెప్పనక్కర్లేదు.

ఎర్రదీపం దగ్గర ముందు వరసలో ఉంటే భయపడి కూడలిలోకి దూసుకుపోకండి. అడ్డంగా వచ్చే లారీవాడికి మీ సంగతి తెలియదు. ఉన్నచోటే జరగగలిగినంత జరగండి. పోలీసు ఉంటే ఆయన చెయ్యి చూపినట్టు చెయ్యండి.

దారి ఇవ్వకపోతే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అయితే కావాలని అడ్డుపడేవాళ్ళకంటే వినపడనివాళ్ళే ఎక్కువని నా అభిప్రాయం. అద్దాలన్నీ ఎత్తి పాటలు హోరెత్తిస్తే సైరన్ ఎక్కడ వినపడుతుంది? హెల్మెట్ కింద ఇయర్‌ఫోన్లు పెట్టుకునే కుర్రాళ్ళ సంగతి సరేసరి. దారి దొరికింది కదా అని అంబులెన్సు తోక పట్టుకుని పోయేవాళ్ళు మరీ అన్యాయం. రోగి బంధువులు కూడా అలా వెంటపడనక్కర్లేదు; ఏ ఆసుపత్రికో కనుక్కుని నిదానంగా వెళ్ళవచ్చు.

అంబులెన్సు దాటిపోగానే వెంటనే రోడ్డు మధ్యకు రావద్దని మీవారితో చెప్పండి. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ఒకదాని వెనక మరొకటి వస్తుంటాయి. మరోసారి అద్దంలో చూసి, ఇండికేటరు వేసి కదలమనండి.